నాలుగో పేరు

పొయ్యి వెలగక అది రెండో పూట.

కొట్టు కూడా తెరవలేదు. ఇద్దరు ముగ్గురు వచ్చి షట్టరు మీద తట్టి, శెట్టిగారికి ఒంట్లో బాగా లేదు కాబోలు అనుకుంటూ పోయారు. ఒంట్లో బాగానే ఉంది. ఇంట్లోనే బాగా లేదు.

లక్ష్మీకాంతం నడవాలో గోడకు చేరగిలబడి కూర్చుంది. ఎదురుగా పీట మీద ఆమె భర్త. పెట్టిన పేరు సీతారామాంజనేయులే గాని, అంత పేరు పిలిచే తీరిక కారంపూడి బజారులో ఎవరికీ లేక ఆంజనేయులు శెట్టిగా స్థిరపడిపోయాడు. ఇద్దరి మధ్యా నేల మీద మడతలు విప్పిన కాగితం ఒకటి పడి ఉంది. ఎనిమిదేళ్ల కిందట ఆయన ఇచ్చిన ఫిర్యాదుకు స్టేషన్లో ఇచ్చిన ఎఫ్ఐఆర్ నకలు. నిన్న సాయంత్రం బీరువా అడుగునుంచి ఆయనే తీసి, ఆమె ముందు పెట్టి, తల వంచుకుని కూర్చున్నాడు. అప్పటినుంచి ఆమె ఆయనతో మాట్లాడలేదు.

నిందితుల పేర్లు వరసగా నాలుగు. షేక్ జమాల్. అతని తమ్ముడు జానీ. జమాల్ భార్య ఫాతిమా. నాలుగోది షేక్ అంజుమ్, తండ్రి జమాల్, వయసు పంతొమ్మిది, విద్యార్థిని.

మొదటి మూడు పేర్ల సంగతీ లక్ష్మీకాంతానికి తెలుసు. ఊరంతటికీ తెలుసు. నాలుగో పేరు సంగతి మాత్రం ఈ ఎనిమిదేళ్లలో ఆమెకే కాదు, ఆ పేరు గల పిల్లకీ తెలియదు.

"కాస్త అన్నం వండవే. షుగరు మనిషిని," అన్నాడాయన చివరికి.

"ఆ పిల్ల పేరు ఎందుకు రాయించారు?"

నిన్నటినుంచి ఆమె నోటివెంట వచ్చిన మొదటి మాట అది. గొంతు పెంచలేదు. పెంచి ఉంటే ఆయనకు కాస్త ధైర్యంగా ఉండేది. నలభై ఏళ్ల కాపురంలో లక్ష్మీకాంతం అరుపులకు అలవాటు పడ్డాడు గాని, ఇట్లా మెల్లగా అడగడం ఆయన ఎరగడు.

నసిగాడు. స్టేషనుకెదురుగా రేకుల పంచలో కూర్చుని అర్జీలు రాసే బ్రహ్మానందం రాయించాడన్నాడు. మణికట్టు విరిగి, చేతికి కట్టుతో, ఒళ్లు మండిపోతూ వెళ్లినవాణ్ణి కూర్చోబెట్టి, మూడు పేర్లయితే కేసు పలచనగా ఉంటుంది శెట్టిగారూ, ఆ కొంపలో చదువుకునే పిల్లలెవరూ లేరా అని అడిగాడట. చదువుకునే పిల్ల పేరు పడితే ఎంతటి పొగరుబోతైనా మూడో నాడు కాళ్లబేరానికి వస్తాడన్నాడట.

ఇదేమంత కొత్త విద్య కాదు లెండి పల్నాట్లో. కర్ర పట్టినవాడి పేరైనా మరిచిపోతారు గాని, అవతలి ఇంట్లో డిగ్రీ చదివేవాడి పేరు మరిచిపోరు. దెబ్బ తగలాల్సింది ఒంటికి కాదు, రేపు రాబోయే ఉద్యోగానికి. అలా పేర్లెక్కి, పరీక్ష నెగ్గి కూడా ఎరువుల కొట్లో సంచులు మోస్తున్నవాళ్లు మండలానికి పదిమందైనా దొరుకుతారు.

"ఆ రోజు అంజుమ్ ఊళ్లో ఉందా?"

"లేదు. నరసరావుపేటలో, హాస్టల్లో ఉంది."

"తెలిసే రాయించారా?"

ఆంజనేయులు పీట మీద కాస్త పక్కకు జరిగాడు. అదే జవాబు అనుకుంది లక్ష్మీకాంతం.

తర్వాత తీసేశారు గదా అన్నాడు. అదీ నిజమే. విచారణకు వచ్చిన ఎస్సై, పిల్ల ఆ రోజు ఊళ్లోనే లేదని కనుక్కుని ఛార్జిషీటులో నాలుగో పేరు కొట్టేశాడు. జమాల్ చేతికి వచ్చినవి ఆ తర్వాతి కాగితాలే. మొదటి కాగితం నకలు ఫిర్యాదు ఇచ్చినవాడి చేతికిస్తారు గనక అది శెట్టి బీరువాలో ఉండిపోయింది. కొన్నాళ్లకు గురజాల లోక్ అదాలత్‌లో రాజీ అయింది. పీడా పోయిందనుకున్నారు. స్టేషను కంప్యూటర్లో ఎక్కిన పేరు ఎక్కినట్టే ఉంటుందని ఆయనకు నిన్ననే తెలిసింది. అదీ గ్రేసమ్మ వచ్చి చెబితే.

*

గ్రేసమ్మ నిన్న మధ్యాహ్నం నరసరావుపేట నుంచి వచ్చింది. స్పెషల్ బ్రాంచిలో హెడ్ కానిస్టేబులు. ఖాకీ బట్టలు లేవు, మామూలు నూలు చీర, స్కూటీ, భుజాన సంచి. పప్పుల ధర అడుగుతుందేమో అనుకుంటే, లక్ష్మీకాంతం అంటే మీరేనా అంది.

ఎదురింటి అంజుమ్‌కు హైదరాబాదులో రక్షణ శాఖ వాళ్ల పరిశోధన సంస్థలో ఉద్యోగం వచ్చిన సంగతి లక్ష్మీకాంతానికి తెలియనిది కాదు. పిడుగురాళ్లలో కాపురముంటున్న కూతురు కన్యక ఫోనులో చెప్పింది. పెద్దవాళ్లకు మాటలు లేకపోయినా ఆ పిల్లలిద్దరూ మాట్లాడుకోవడం మానలేదు. నాలుగు పేజీల ఫారం ఇచ్చారట. తల్లిదండ్రులు ఎక్కడ పుట్టారు, ఏ ఊళ్లో ఏ ఇంట్లో ఎన్నాళ్లున్నావు, ఏ బళ్లో చదివావు, విదేశాల్లో చుట్టాలెవరు, నీ మీద ఎప్పుడైనా కేసుందా, అన్నీ రాయాలట. ఒక్క ముక్క దాచినా ఉద్యోగం రద్దని మొదటి పేజీలోనే ఉందట. "మీ కొట్టు అటక మీద ఎన్నేళ్లున్నామో రాయడానికి గడి లేదే కన్యకా" అని అంజుమ్ నవ్విందట.

ఆ ఫారం జిల్లా ఎస్పీ ఆఫీసుకు వచ్చింది. అక్కడినుంచి గ్రేసమ్మ సంచిలోకి. ఆమె ఆ పేజీ తీసి చూపించింది. అభ్యర్థిని బాగా ఎరిగిన ఇద్దరు స్థానికుల పేర్లు రాయాలి. మొదటిది రిటైరైన హెడ్మాస్టరుది. రెండోది, లక్ష్మీకాంతం, కిరాణా కొట్టు, మెయిన్ బజారు, కారంపూడి.

ఆ రాత మీద లక్ష్మీకాంతం వేలు పెట్టి మళ్లీ చూసుకుంది. ఎనిమిదేళ్లుగా ఆ పిల్ల ముఖం చూసి పలకరించలేదు. ఎదురుపడితే తల తిప్పుకుంది. ఊళ్లో ఇంతమంది పెద్దలుండగా, తనను గురించి చెప్పమని ఆ పిల్ల రాసిన పేరు లక్ష్మీకాంతానిది.

గ్రేసమ్మ ఒక్కొక్కటే అడిగింది. ఎవరితో తిరుగుతుంది, ఇంటికి ఎవరొస్తారు, ఏ సంఘాల్లోనైనా ఉందా, అప్పులున్నాయా, మాట నిలకడ ఎట్లాంటిది. దేశానికి సంబంధించిన రహస్యాలుండే చోట కూర్చోబోయే పిల్ల గనక, బియ్యంలో రాళ్లు ఏరినట్టు ఏరాలంది. మాట నిలకడ అనగానే లక్ష్మీకాంతానికి బెల్లం సంగతి గుర్తొచ్చింది.

అంజుమ్‌కు తొమ్మిదేళ్లప్పుడు మొదటి రోజా, రంజాను ఉపవాసం. భాద్రపదపు ఎండలు. పొద్దున బాగానే గంతులేసింది గాని, మూడయ్యేసరికి మొహం వాడిపోయి కొట్లోకి వచ్చి, బెల్లం దిమ్మల ముందు చతికిలబడింది. చాలాసేపు వాటినే చూసి, పెద్దమ్మా, ఒక్క ముక్క తింటే దేవుడికి తెలుస్తుందా అనడిగింది. దేవుడి సంగతి నాకు తెలియదు గాని నాకు మాత్రం తెలుస్తుందే అంది లక్ష్మీకాంతం. పిల్ల కాసేపు ఆలోచించి, అయితే అష్టాచెమ్మా ఆడదాం, పొద్దు పోతుంది అంది. మసీదు సైరను కూసేదాకా ఇద్దరూ ఆడారు. పిల్ల మంచినీళ్లు కూడా ముట్టలేదు. సైరను వినపడగానే లక్ష్మీకాంతమే ఖర్జూరం పండు నోట్లో పెట్టింది.

ఇదంతా విని గ్రేసమ్మ నవ్వింది. ఇది రాయడానికి గడి లేదు పిన్నిగారూ అని, ప్రవర్తన మంచిది అని రాసుకుంది.

"మీకు తెలిసినంతలో ఆ అమ్మాయి మీద కేసు గాని, గొడవ గాని ఉందా?"

"అంజుమ్ మీదా? చీమక్కూడా అపకారం చెయ్యదు."

ఆ మాటే కాగితం మీద రాసి, చదివి వినిపించి, సంతకం పెట్టించుకుంది గ్రేసమ్మ. అవతల బియ్యం బస్తా దగ్గర ఆంజనేయులు చేట పట్టుకుని నిలబడ్డవాడు నిలబడ్డట్టే ఉన్నాడు. గ్రేసమ్మ సంచి సర్దుకుంటూ, ఊరికే మాటవరసకు ఇంకో మాట అంది.

"కేసుందని ఉద్యోగం పోదు పిన్నిగారూ. దాస్తే పోద్ది. చానామందికి అది తెలవక లేదు అని రాసేస్తారు. మూణ్ణాలుగేళ్లు చేశాక బయటపడి ఇంటికొచ్చినోళ్లను చూశా నేను. ముందే చెప్పుకుంటే వాళ్లే విచారించి సరేనంటారు."

స్టేషన్లో సర్వరు పని చెయ్యడం లేదట. కొట్టేసిన పేర్లయినా కంప్యూటర్లో ఎక్కినవి ఎక్కినట్టే ఉంటాయని, రేపు నాలుగింటికి మళ్లీ వచ్చి ఆ రికార్డు చూసి, సోమవారం రిపోర్టు పంపుతానని చెప్పి వెళ్లిపోయింది. ఆ స్కూటీ మలుపు తిరగ్గానే ఆంజనేయులు షట్టరు దించేశాడు.

*

ఆ రేపు ఇవాళే. గోడ గడియారంలో రెండు కావస్తోంది.

అంజుమ్ ఫారంలో లేదు అని రాసింది. దానికి తెలిసినంతలో ఆ మాట నిజమే. నాలుగింటికి గ్రేసమ్మ కంప్యూటర్లో చూస్తుంది. ఉంది అని తేలుతుంది. ఇక ఆ పిల్ల ఎంత మొత్తుకున్నా, దాచింది అనే రాస్తారు. ఈ లోపల అదే ముందుగా చెప్పుకుంటేనే గట్టెక్కుతుంది. చెప్పుకోవాలంటే దానికి తెలియాలి. తెలియాలంటే ఈ ఇంట్లోంచి ఎవరో రోడ్డు దాటాలి.

రోడ్డు ఎంతనీ, పద్దెనిమిది అడుగులు. ఒకప్పుడు రోజుకు ఎన్నిసార్లు దాటేవాళ్లో లెక్కే లేదు. జమాల్ బోరు మోటార్లకు వైండింగు చేస్తాడు. రాగి తీగ చుడుతుంటే ఆ పిల్ల పక్కన కూర్చుని చుట్లు పైకి లెక్కపెట్టేది. కన్యక వెనకనుంచి తప్పుడు అంకెలు అరిచి లెక్క చెడగొట్టేది. ఇద్దరూ కొట్లో అటకెక్కి చింతపండు బుట్టల మధ్య హోంవర్కు చేసుకునేవాళ్లు. వీళ్లిద్దరి నోటు పుస్తకాలకే పులుపు వాసనేంటర్రా అని టీచరు కేకలేసిందట. పదమూడేళ్లకు ఆ పిల్ల, కాలిపోయిన కొట్టు ఫ్యాను విప్పి, తండ్రి పక్కన లేకుండా ఒక్కతే చుట్టి తిప్పింది. ఆ రోజు ఆంజనేయులు బజారంతా తిరిగి చెప్పుకున్నాడు. కన్నతండ్రి కంటే ఆయనే ఎక్కువ మురిసిపోయాడు. వీరుల తిరునాళ్లకు ఇద్దరు పిల్లల్నీ చెరో భుజం మీదా ఎక్కించుకుని తిప్పింది ఆయనే.

అంతటి మనిషికి ఉప్పు దగ్గర బుద్ధి పెడదారి పట్టింది. ఎండకు మోటార్లు ముట్టుకోలేకపోతున్నానని జమాల్ ముందుకు రేకుల పంచ దించాడు. తొలకరి వాన పడ్డ రోజు రేకుల నీళ్లన్నీ ధారగా రోడ్డుకు అడ్డంగా పారి కొట్టు ముందు దించిన ఉప్పు బస్తాల కిందికి చేరాయి. ఆంజనేయులు చూసేసరికి సగం బస్తాలు కరిగి కాలవలో పోతున్నాయి. మాటా మాటా పెరిగింది. లక్ష్మీకాంతం ఆ వేళ నరసరావుపేటలో ఆసుపత్రి పని మీద ఉంది. సాయంత్రం బస్సు దిగేసరికి మొగుడి చేతికి కట్టు. జమాల్ తోసేశాడన్నాడాయన. ఇంకేం కావాలి ఆమెకు.

మర్నాడు ఫాతిమా వచ్చింది. గడప అవతల నిలబడి, అక్కా, మా ఆయన చెయ్యి వెయ్యలేదక్కా అంది. లక్ష్మీకాంతం ఆమె ముఖం మీదే తలుపేసింది. ఆ వేసిన తలుపు ఎనిమిదేళ్లు తెరుచుకోలేదు. కన్యక పెళ్లికి ఎదురింటికి శుభలేఖ పంపలేదు. ఊరేగింపు ఆ ఇంటి ముందునుంచే పోయింది, తలుపులు మూసి ఉన్నాయి. కన్యక కారులో కూర్చుని ఆ తలుపుల వంకే చూస్తుంటే, ముహూర్తం వేళ ఆ ఏడుపు మొహమేంటే అని తనే కసిరింది. 

"లేవండి," అంది లక్ష్మీకాంతం. "ఇద్దరం పోయి చెబుదాం."

ఆంజనేయులు చేతులు పట్టుకున్నంత పని చేశాడు. తప్పుడు ఫిర్యాదు ఇచ్చానని ఒప్పుకుంటే తిరిగి తన మీదే కేసు పెడతారన్నాడు. అరవై ఎనిమిదేళ్ల వయసులో గురజాల కోర్టు బోనులో నిలబడమంటావా అన్నాడు. బజారులో ఇన్నేళ్ల పరువు ఏం కావాలన్నాడు. కన్యక అత్తగారు ఏమనుకుంటారన్నాడు. ఆయన కళ్లలో నీళ్లు చూసి ఒక్క క్షణం ఆమెకు మనసు మెత్తబడింది కూడా. అసలు నిన్న సాయంత్రమే రోడ్డు దాటకుండా ఆమెను ఆపింది ఆ భయమే.

"మీ పరువు కోసం ఆ పిల్ల పేరు కాలవలో పోనిస్తానా?" అంది. కాగితం మడిచి పైట చెంగులో పట్టుకుని, చెప్పులు వేసుకుని బయటకు నడిచింది.

*

ఎదురింటి వసారాలో అదే వార్నిషు వాసన. జమాల్ ఒక మోటారు ముందేసుకుని కూర్చున్నాడు. గడ్డం నెరిసింది. ఆమెను చూసి లేచి నిలబడ్డాడు గాని రమ్మనలేదు, పొమ్మనలేదు. లోపలినుంచి ఫాతిమా వచ్చి చూసి, గుమ్మంలోంచి పక్కకు తప్పుకుని, రా అక్కా అంది.

కూర్చోలేదు లక్ష్మీకాంతం. నిలబడే చెప్పింది. గుక్క తిప్పుకోకుండా, దాపరికం లేకుండా, బ్రహ్మానందంతో మొదలుపెట్టి బీరువా దాకా అంతా చెప్పింది. కాగితం అంజుమ్ చేతిలో పెట్టింది. విచారణకని నాలుగు రోజుల కిందటే హైదరాబాదు నుంచి వచ్చి ఉంది ఆ పిల్ల. ఇరవయ్యేడేళ్లది. కళ్లద్దాలొచ్చాయి. అద్దాల వెనక కళ్లు మాత్రం బెల్లం దిమ్మల ముందు కూర్చున్నప్పటివే.

అంజుమ్ కాగితం పూర్తిగా చదివింది. మళ్లీ మొదటినుంచి చదివింది. జమాల్ చదువు రానివాడు. కూతురి ముఖం చూసే అంతా చదువుకున్నాడు.

"నీకు ముందే తెలుసా పెద్దమ్మా?"

"నిన్న సాయంత్రం తెలిసింది."

"మరి నిన్న సాయంత్రమే రాలేదే?"

లక్ష్మీకాంతం సిగ్గుతో నేల చూసింది. అంజుమ్ లోపలికి వెళ్లి తెల్ల కాగితాలు, పెన్ను తెచ్చి మోటార్ల బల్ల మీద పెట్టుకుంది. ఆఫీసుకు ఉత్తరం రాయాలి, నకలు గ్రేసమ్మ గారికి ఇవ్వాలి అంది. తన పేరు కేసులో ఉందని ఈ రోజే తెలిసిందని రాస్తే, ఎట్లా తెలిసిందని అడుగుతారు. ఊళ్లో లేనిదాని పేరు ఎందుకు ఎక్కిందని అడుగుతారు. ఫిర్యాదు ఇచ్చినాయన మాట రాతలో ఉంటేనే ఈ ఉత్తరానికి బలం అంది.

ఆయన రాడమ్మా అనబోయింది లక్ష్మీకాంతం. గుమ్మంలో ఆంజనేయులు నిలబడి ఉన్నాడు.

చొక్కా వేసుకున్నాడు గాని గుండీలు పెట్టుకోలేదు. ఎండకు కళ్లు చిట్లించి లోపలికి చూస్తున్నాడు. ఎవరూ పిలవలేదు. ఆయనే వచ్చి గోడవార స్టూలు మీద కూర్చున్నాడు. ఫాతిమా ఒక్క క్షణం చూసి, లోపలికి వెళ్లి మంచినీళ్లు తెచ్చి పక్కన పెట్టింది. ఆయన తాగలేదు.

"రాయమ్మా, నేను చెప్తా," అన్నాడు.

అంజుమ్ రాయడం మొదలుపెట్టింది. ఆయన పేరు, తండ్రి పేరు, కొట్టు. ఎనిమిదేళ్ల కిందట ఇచ్చిన ఫిర్యాదులో నాలుగో పేరు తాను కావాలని చేర్పించినట్టు, ఆ రోజు ఆ పిల్ల ఊళ్లోనే లేదని తెలిసీ చేర్పించినట్టు చెప్పాడు. ఎక్కడా ఆపకుండా చెప్పాడు. లక్ష్మీకాంతానికి కాస్త ఊపిరాడింది. ఎంతైనా తన మనిషి అనుకుంది.

"మిగతా మూడు పేర్లూ నిజమేనా శెట్టన్నా?"

ఆ మాట జమాల్‌ది. అంతసేపూ నోరు విప్పనివాడు, మోటారు మీదినుంచి చెయ్యి తియ్యకుండానే అడిగాడు.

ఎనిమిదేళ్లుగా టీ కొట్టు దగ్గర అతను వచ్చాడంటే, శెట్టి చెయ్యి విరగ్గొట్టినోడు అని గొణుక్కునేవాళ్లు. ఎన్నికలొచ్చిన ప్రతిసారీ తహసీల్దారు ఆఫీసుకు పిలిచి, గొడవ చెయ్యనని బాండు రాయించుకునేవాళ్లు. లోక్ అదాలత్‌లో అందరి ముందూ చేతులు జోడించి తప్పయింది అన్నాడు. చెయ్యని తప్పుకు ఎందుకు దండం పెట్టావని తమ్ముడు జానీ మూడు నెలలు మాట్లాడలేదు. కేసు సాగితే పిల్ల చదువు మీదికి వస్తుంది, దాని పేరుకు మచ్చ రాకూడదు అని ఒక్కటే మాట అన్నాడు జమాల్ అప్పుడు. అప్పటికే ఆ పేరు ఎక్కి ఉందని పాపం అతనికేం తెలుసు.

ఆంజనేయులు తన కుడి మణికట్టు పట్టుకుని కూర్చున్నాడు.

"ఉప్పు కరిగిపోతా ఉంటే కళ్లు కనపళ్లా నాకు. నీ మీదికి చెయ్యెత్తా. నువ్వు పక్కకి జరిగావు. నేనే జారి పడ్డా."

"ఎవరూ తొయ్యలేదా?" అంది లక్ష్మీకాంతం.

"తొయ్యలేదు కాంతం."

 ఫాతిమా గడప అవతల నిలబడి చెప్పిన మాట అక్షరం పొల్లుపోకుండా ఆమె చెవుల్లో మోగింది. ఆ రోజు ఆ తలుపు వెయ్యకుండా ఒక్క మాట అడిగి ఉంటే. కన్యక పెళ్లికి అంజుమ్ వచ్చి ఉండేది, గోరింటాకు అదే పెట్టేది. ఎనిమిది రంజాన్లు, ఎనిమిది తిరునాళ్లు. మొగుడి మాట మీద నమ్మకంతో బంగారంలాంటి ఎనిమిదేళ్లు తన చేత్తోనే తగలేసుకుంది. ఫాతిమా వంక చూసే ధైర్యం లేకపోయింది. ఫాతిమా కూడా ఆమె వంక చూడలేదు.

అంజుమ్ పెన్ను ఆగిపోయింది.

"అబ్బా, ఇది రాస్తే పెదనాన్న మీద కేసు అయిద్ది," అంది తండ్రితో. తర్వాత లక్ష్మీకాంతం వైపు తిరిగింది. "రాయకపోతే నేను దాచినట్టే పెద్దమ్మా. ఇన్నాళ్లూ తెలవక లేదని రాశా. ఇప్పుడు నాకు తెలుసు. రేపు ఆఫీసువాళ్లు ఎదురుగా కూర్చోబెట్టి అడిగితే ఏం చెప్పాలి నేను?"

జమాల్ కూతురి చేతిలో పెన్ను వంక చూశాడు. రాయమంటే ఈ ముసలాయన కోర్టు మెట్లెక్కాలి. వద్దంటే తన కూతురు తెలిసి అబద్ధం ఆడాలి. ఆ రెండిట్లో ఏదీ తన నోటితో అననని అతని ముఖమే చెబుతోంది. అందరి చూపులూ లక్ష్మీకాంతం మీదికి వచ్చాయి. ఆ పిల్లకు నేను పూచీ అని సంతకం పెట్టింది ఆమే గదా.

లక్ష్మీకాంతం భర్తను చూసింది. గుండెల మీద నెరిసిన వెంట్రుకలు, గుండీలు లేని చొక్కా, నిన్న రాత్రినుంచి తిండి లేని మొహం. జాలేసింది. అదే క్షణంలో ఒళ్లంతా రగిలిపోయింది. రెండూ ఒక్కసారే వస్తాయని ఇన్నేళ్ల కాపురంలో ఆమెకు తెలియదు.

"రాయి తల్లీ," అంది.

అంజుమ్ రాయలేదు. పెన్ను కాగితం మీద ఆనించి అలాగే ఉంది. తిరునాళ్లలో భుజం మీద ఎక్కించుకుని తిప్పిన మనిషిని తన చేత్తో బోను ఎక్కించడానికి ఆ పిల్లకు చెయ్యి రావడం లేదు. అద్దాల వెనక కళ్లు నిండాయి.

ఆంజనేయులు అది చూశాడు. మెల్లగా లేచాడు. అంజుమ్ ముందున్న కాగితం తీసుకుని, తాను చెప్పినంతవరకు కింద సంతకం పెట్టి బల్ల మీదే వదిలి, ఎఫ్ఐఆర్ నకలు మాత్రం చేతిలోకి తీసుకుని, గుండీలు పెట్టుకుంటూ మెట్లు దిగాడు. రోడ్డు దాటి ఇంటికి పోతాడనుకున్నారు. ఇంటివైపు తిరగలేదు. ఎడమచేతి వైపు, స్టేషనుండే వైపు నడిచాడు. మిగతాది అక్కడ తనే చెప్పుకోవాలని కాబోలు.

"ఆపక్కా," అంది ఫాతిమా.

లక్ష్మీకాంతం కదల్లేదు. గడియారం మూడున్నర చూపిస్తోంది. గ్రేసమ్మ వచ్చే వేళ అవుతోంది. పోనీ అందామంటే నోరు రాలేదు, ఆగండి అందామన్నా రాలేదు.

జమాల్ మోటారు పక్కకు నెట్టి లేచాడు. చెప్పులైనా వేసుకోకుండా, వార్నిషు చేతులతోనే, మండే రోడ్డు మీద ఆయన వెనక పరుగెత్తాడు. ఆపడానికో, తోడు వెళ్లడానికో లక్ష్మీకాంతానికి అర్థం కాలేదు.